మామిడి కోతల నడుమ రెమెడియల్ బయాలజీ: ఒక కేస్ స్టడీ

కుర్రాడి ఊరు, కాలేజీ, ఇంటి వివరాలు ఇందులో మార్చేశాను. మార్కులు, రోజుల లెక్క మాత్రం నా డైరీలో ఉన్నవే.

నేపథ్యం

నేను తిరుపతిలో బోటనీ లెక్చరర్‌ని. ఎండాకాలం సెలవుల్లో ఇంటి దగ్గర ముగ్గురు నలుగురికి విడిగా చెబుతుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది నీట్ రెండోసారి రాసేవాళ్లు. ఈ కుర్రాడు ఆ రకం కాదు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి బీఫార్మసీలో చేరాడు.

ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిలబస్ ప్రకారం, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ బయాలజీ చదవాలి, బైపీసీ వాళ్లు రెమెడియల్ మ్యాథ్స్ చదవాలి. వారానికి రెండు గంటలు, మొత్తం 30 గంటల థియరీ. చివరి పరీక్ష 35 మార్కులకు, ఇంటర్నల్స్ 15కి, వెరసి 50. పాస్ కావాలంటే 25 రావాలి. ఇంత చిన్న పేపర్ కాబట్టి కాలేజీల్లో దీన్ని ఎవరూ లెక్క చేయరు. మా కుర్రాడూ చేయలేదు. ఇంటర్నల్స్‌లో 6, పరీక్షలో 11 వచ్చాయి. హ్యూమన్ అనాటమీ మాత్రం ఎలాగో బోర్డర్‌లో గట్టెక్కాడు.

ఇంటర్నల్స్ ఆ 6 మార్కులే అనుకుంటే సప్లీలో 35కి 19 రావాలి. మే మూడో వారం నుంచి జూన్ ఆఖరు దాకా సెలవులు. మా చేతిలో ఉన్నవి 42 రోజులు. వాళ్లది చిత్తూరు వైపు తోతాపురి మామిడి తోటలున్న ఊరు. సెలవుల్లో తిరుపతిలో పిన్ని ఇంట్లో ఉండి నా దగ్గరికి వచ్చేట్టు మాట్లాడుకున్నారు.

సమస్య ఏమిటి

వాళ్ల నాన్న మొదటి రోజే తేల్చేశాడు. "మేడమ్, వీనికి ఒళ్లు వంగదు. ఫోన్ పెరికేస్తే అన్నీ వస్తాయి." కుర్రాడి మాట ఇంకోటి: "నాకు జ్ఞాపకశక్తి లేదు మేడమ్. చదివింది చదివినట్టే పోతా ఉంది." నా అనుమానం మూడోది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడు కాబట్టి ఇంగ్లిష్ పదాల దగ్గర చిక్కుకున్నాడేమో అనుకున్నాను.

ముగ్గురం మూడు కారణాలు చెప్పుకుంటూ కూర్చుంటే లాభం లేదని ఒక తెల్లకాగితం ఇచ్చాను. నోట్లో పెట్టుకున్న ఇడ్లీలోంచి వచ్చిన గ్లూకోజు కాలి బొటనవేలి కండరానికి చేరేదాకా దారి గీయమన్నాను. నోరు, అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు బాగానే గీశాడు. అక్కడి నుంచి ఒక బాణం వేసి 'బ్లడ్' అని రాసి ఆగిపోయాడు.

"పేగులోంచి రక్తంలోకి ఎట్ల పోయింది?"

"అబ్జార్బ్ అవుతుంది మేడమ్."

"అబ్జార్బ్ కావడమంటే?"

పుస్తకంలోని నిర్వచనం తప్పు లేకుండా అప్పజెప్పాడు. ఆ గోడలో కణాలు ఉంటాయనీ, వాటిని దాటితే తప్ప ఏదీ రక్తంలోకి రాదనీ అతనికి ఎక్కడా తట్టలేదు.

తర్వాత త్రికోణమితి సూత్రాలు అడిగాను. రెండేళ్ల కిందట చదివినవి గబగబా రాసేశాడు. జ్ఞాపకశక్తి లేనివాడికి ఇవెలా వచ్చాయి? అదే అడిగితే ఒక మాటన్నాడు. దాన్ని డైరీలో అతను అన్నట్టే రాసుకున్నాను: "అవి ఒకదాన్నుంచి ఒకటి వస్తాయి మేడమ్. ఇక్కడ ఏదీ దేన్నుంచీ రాదు."

ఆ మాటకు అప్పుడే తగినంత విలువ ఇచ్చి ఉంటే మూడు వారాలు వృథా అయ్యేవి కావు. డైరీలో రాసుకున్నాను గానీ, పట్టించుకోలేదు.

మొదట చేసింది, అది ఎందుకు కుదరలేదు

సిలబస్‌లో అయిదు యూనిట్లు ఉన్నాయి. మొదటిది జీవుల వర్గీకరణ, పుష్పించే మొక్కల స్వరూపం. రెండోది రక్త ప్రసరణ, జీర్ణక్రియ, శ్వాసక్రియ. మూడోది విసర్జన, నాడీ వ్యవస్థ, హార్మోన్లు, ప్రత్యుత్పత్తి. నాలుగోది మొక్కల ఖనిజ పోషణ, కిరణజన్య సంయోగక్రియ. అయిదోది మొక్కల శ్వాసక్రియ, పెరుగుదల, ఆ తర్వాత కణం, కణజాలాలు. నేను ఆ వరసలోనే, వారానికో యూనిట్ చొప్పున, రోజుకు నాలుగు గంటలు మొదలుపెట్టాను. ఫెయిలైన పిల్లాడితో ప్రయోగాలు చేయకూడదని, ఉన్న దారిలో పోతే ఏదీ జారిపోదని నా ఆలోచన. పైగా వాళ్ల నాన్నకు "రోజుకు నాలుగు గంటలు" అనే మాట ధైర్యమిచ్చింది. అది నాకూ నచ్చిందని ఒప్పుకోవాలి.

మొదటి యూనిట్ అయిన మర్నాడు పరీక్ష పెడితే 35కి 24 వచ్చాయి. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి చెప్పాను కూడా. పది రోజుల తర్వాత అదే పేపర్ చెప్పకుండా ఇచ్చాను. 9 వచ్చాయి. కుర్రాడు తల దించుకుని పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం తప్పు పదాలదే అనుకున్నాను.

అలా రెండో పొరపాటు చేశాను. ప్రతి ఇంగ్లిష్ పదం పక్కన తెలుగు అకాడమీ పుస్తకాల్లోని పదం రాసి నోట్స్ తయారుచేశాను. ఏట్రియం పక్కన కర్ణిక, వెంట్రికల్ పక్కన జఠరిక, గ్జైలమ్ పక్కన దారువు. రెండు రాత్రులు కూర్చుని రాశాను. పదో తరగతి ఇంగ్లిష్ మీడియంలో రాసిన పిల్లాడికి 'జఠరిక' కూడా కొత్త పదమే. ఒక పేరు బట్టీ పట్టేవాడు ఇప్పుడు రెండు పట్టాల్సి వచ్చింది. తెలుగు మాటలతో అర్థం చెప్పడం వేరు, తెలుగు సాంకేతిక పదం చెప్పడం వేరు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు ఆ తేడా ఆ నోట్స్ చూస్తేనే తెలిసింది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. వాళ్లింట్లో పాడి ఆవులు ఉన్నాయి. తెలిసినదాంతో ముడిపెడదామని జీర్ణక్రియ పాఠంలో ఆవు నెమరు గురించి, దాని పొట్టలోని నాలుగు గదుల గురించి ఉత్సాహంగా చెప్పాను. తర్వాతి టెస్టులో మనిషి జీర్ణవ్యవస్థ బొమ్మలో రూమెన్, అంటే ఆవు పొట్టలోని మొదటి గది, గీసి పెట్టాడు. ఉదాహరణ బాగుంటే చాలదు. అడిగిన ప్రశ్నకు అది ఎంత దగ్గరగా ఉందో చూసుకోవాలి.

ఆగి లెక్క వేసుకున్నది

ఇరవయ్యో రోజు పాఠం ఆపేసి అతన్నే లెక్క వేయమన్నాను. సెమిస్టర్‌లో ఈ పేపర్‌కు 30 గంటలు. ఈ ఇరవై రోజుల్లో మేం కూర్చున్నవి సుమారు 80 గంటలు. అంటే గంటలకు కొదవ లేదు. మరి దేనికి కొదవ?

సెమిస్టర్‌లో ఒక పాఠం విన్నాక వారం తిరిగి మళ్లీ అదే క్లాస్ వస్తుంది. నెల తర్వాత సెషనల్ (ఇంటర్నల్ పరీక్ష), ఆపైన ఇంకో సెషనల్, చివర పరీక్ష. నడుమ కొంత మరిచిపోవడం, మళ్లీ గుర్తు చేసుకోవడం, ఎవరూ ప్లాన్ చేయకుండానే జరిగిపోతాయి. వేసవిలో అదే పాఠాన్ని ఒక వారంలో కుదించి చెబితే గంటలన్నీ ఉంటాయి, రాత్రులు ఉండవు. మరిచిపోయే వ్యవధి లేకపోతే గుర్తు తెచ్చుకునే అభ్యాసమూ ఉండదు. ఇది నేను కనిపెట్టింది కాదు. జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని మరుపు గురించి 1885లోనే రాశాడు. బీఎడ్‌లో ఆయన మరుపు వక్రరేఖ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను నేను.

వ్యవధి ఒక్కటే కారణమైతే మిగిలిన 22 రోజుల్లో పాతవే తిప్పి తిప్పి చదివిస్తే సరిపోయేది. కానీ "ఏదీ దేన్నుంచీ రాదు" అన్న మాట ఉండనే ఉంది. సిలబస్ వరస చూడండి, కణం చిట్టచివర వస్తుంది. కణపొర తెలియనివాడికి పేగు శోషణ, కిడ్నీలో వడపోసే నెఫ్రాన్, నాడీ ప్రచోదనం, వేరు కేశాలు నాలుగూ నాలుగు వేరు వేరు బట్టీలు. సిలబస్ వరస పరీక్షకు సంబంధించినది, బోధన కూడా అదే వరసలో సాగాలని ఎవరూ అనలేదు. ఆ పట్టింపు నాదే.

పనిచేసింది

చివరి యూనిట్‌లోని కణంతో కొత్తగా మొదలుపెట్టాం. ఆ వారం వాళ్ల పిన్ని మాగాయ పెడుతోంది. ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు రాత్రికి రాత్రి ఊట వదిలాయి. "ఆ నీళ్లు ఎక్కడివి?" అని అడిగాను. ముక్కలోవే అన్నాడు. "ఎవరు పిండారు?" ఉప్పు అన్నాడు. అక్కడి నుంచి ఆస్మాసిస్‌కు వచ్చాం. బయట గాఢత ఎక్కువైతే నీరు పొర దాటి బయటికి వస్తుంది. అదే సూత్రంతో వేరు కేశంలోకి నీరు ఎందుకు వస్తుందో తనే చెప్పాడు. నెఫ్రాన్ దగ్గరికి వెళ్లేసరికి "మళ్లీ అదే కదా మేడమ్" అన్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరమైంది. సూత్రం దొరికిన ఆనందంలో పేగులోంచి గ్లూకోజు పోవడం కూడా ఆస్మాసిసే అని రాశాడు. కాదు, ఆస్మాసిస్ నీటి సంగతి. గ్లూకోజును సోడియంతో జతగా లోపలికి తెచ్చే ప్రోటీన్లు పేగు కణాల పొరలో ఉంటాయి, దానికి శక్తి ఖర్చవుతుంది. లెక్కల పిల్లలకు ఒక సూత్రం ఇస్తే అన్నిటికీ వాడేస్తారు. ఎక్కడ వాడకూడదో కూడా అప్పుడే చెప్పాలి.

మనిషి శరీరం పాఠాల్ని అంకెలతో చెప్పాను. గుండె ఒక్కసారి కొట్టుకుంటే దాదాపు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు. గుణిస్తే అయిదు లీటర్లు, అదే కార్డియాక్ అవుట్‌పుట్. 60ని 72తో భాగిస్తే 0.83 సెకన్లు. పుస్తకంలో కార్డియాక్ సైకిల్ 0.8 అని ఎందుకుందో దాంతో తెలిసింది. కిడ్నీల్లో నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోత అవుతుందంటే రోజుకెంత అని అడిగాను. 180 లీటర్లు అని లెక్క తేల్చి, అతనే అదిరిపడ్డాడు. "మరి మనం పోసేది ఒకటిన్నర లీటరే కదా!" మిగతాది ఎక్కడికి పోయిందన్నది ఆ పాఠమంతా నడిపించింది. పునఃశోషణ, అంటే వడపోసిన నీరు తిరిగి రక్తంలోకి చేరడం గురించి నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ప్రత్యుత్పత్తి పాఠం ఆడ టీచర్ దగ్గర వినడానికి తెగ ఇబ్బంది పడ్డాడు. బలవంతపెట్టలేదు. ఋతుచక్రాన్ని 28 రోజుల గ్రాఫ్‌గా ఇచ్చాను: ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, నాలుగు హార్మోన్లకు నాలుగు గీతలు. పద్నాలుగో రోజు ప్రాంతంలో ఎల్‌హెచ్ ఎందుకు ఒక్కసారిగా ఎగిసిందో గ్రాఫ్ చూసి చెప్పమన్నాను. గ్రాఫ్ అనగానే తల ఎత్తాడు.

మొక్కల పాఠాల్లో నాకన్నా అతనికే ఎక్కువ తెలుసని ఆలస్యంగా బయటపడింది. హ్యూమన్ అనాటమీలో మొక్కలు ఉండవు కాబట్టి ఆ భాగం పూర్తిగా సున్నా అనుకున్నాను. ఒకరోజు మొక్కలో ఆహారాన్ని మోసే ఫ్లోయెమ్ గురించి చెబుతూ, అందులో పోయేది చక్కెర అని నమ్మించడం ఎలాగా అని తడుముకుంటుంటే, "తేనెమంచు అదేనా మేడమ్?" అన్నాడు. మామిడి పూతకు పట్టే తేనెమంచు పురుగు రసం పీల్చి, మిగిలిన తీపి ద్రవాన్ని ఆకుల మీద వదులుతుంది. దాని మీద మసిలాగా బూజు పెరిగి ఆకులు నల్లబడతాయి. ఆ బూజు ఫంగస్. ఒక పురుగు దెబ్బకు రెండు పాఠాలు.

అప్పటి నుంచి తోటనే పుస్తకం చేసుకున్నాం. తొక్క ఎపికార్ప్, గుజ్జు మీసోకార్ప్, టెంక ఎండోకార్ప్. టెంకే గింజ అని చాలామంది రాస్తారు, లోపలి జీడి అసలు గింజ. అది రెండు బద్దలుగా విడుతుంది కాబట్టి మామిడి ద్విదళబీజం. ఆకు చిన్నబోతే జింకు లోపమని మందుల అంగట్లో చెబుతారు. అది ఖనిజ పోషణ పాఠం. కల్టార్ ఎందుకు పోస్తారని అడిగితే, "చిగురు ఆగి పూత వస్తుంది" అన్నాడు. కల్టార్‌లో ఉండే పాక్లోబ్యూట్రజాల్ మొక్కలో జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీని అడ్డుకుంటుంది. అంటే జిబ్బరెల్లిన్ చేసే పని ఏమిటో వాళ్ల నాన్నకు కూడా తెలుసు, పేరే తెలియదు. కార్బైడ్‌తో పండించడం నిషేధమనీ, ఇథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం దాకా అనుమతిస్తారనీ మండీలో విన్నాడట. ఎందుకా తేడా అని వాడే అడిగాడు. మొక్క తనంతట తాను తయారుచేసుకునే పండుబారే హార్మోన్ ఇథిలీనే. కార్బైడ్‌కు తేమ తగిలితే వచ్చేది అసిటలీన్. అది ఇథిలీన్‌లా నటిస్తుంది, పైగా ఆర్సెనిక్ లాంటి మలినాలు వెంట తెస్తుంది.

ఇవన్నీ కబుర్లుగా మిగిలిపోతే పరీక్షలో ఒక్క మార్కు రాదు. అందుకని రూల్ పెట్టాను. మాట్లాడుకునేది తెలుగులో, కాగితం మీద పడేది ఇంగ్లిష్‌లో. ప్రతి పాఠం తర్వాత పుస్తకం మూసి, తెల్లకాగితం మీద బొమ్మ గీసి ఇంగ్లిష్ పేర్లు రాయాలి. రానిచోట ఖాళీ వదలాలి, చూసి నింపకూడదు. ఖాళీలు ఎర్ర పెన్నుతో తర్వాత నింపాలి. అదే కాగితం మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేనో రోజుకు మళ్లీ మొదటి నుంచి. ఏ తేదీకి ఏ కాగితమో క్యాలెండర్ గడుల్లో రాసి పెట్టాం. కూర్చునే సమయం నాలుగు గంటల నుంచి రెండుకు తగ్గించాను. ఆ ఎండల్లో మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటుతుంటే రేకుల గదిలో ఎవరికి చదువెక్కుతుంది? ఉదయం అయిదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించేవాళ్లం.

కోతల సెలవు

జూన్ రెండో వారంలో వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "కాయ దించల్ల మేడమ్. కూలోళ్లు దొరకడం లే. తొమ్మిది రోజులు పంపీండి." ససేమిరా కుదరదన్నాను. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. "మీ మాట కాదనేదానికి లే. కానీ ఫ్యాక్టరీ వాళ్లు మనకోసం ఆగరు కదా" అన్నాడంతే. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది, చెట్టు మీద ఉంచుకుని ధర కోసం చూసే కాయ కాదు.

రాత్రంతా ఆలోచించాను. నేనే కదా నడుమ ఖాళీ కావాలన్నది? ఆ మాట నమ్మితే తొమ్మిది రోజులు కొత్త పాఠం లేకపోవడం నష్టం కాకూడదు. నమ్మకపోతే క్యాలెండర్ గడులన్నీ వేషమే. పంపించాను. షరతు ఒక్కటే: రోజూ రాత్రి పదిహేను నిమిషాలు, ఆ తేదీ గడిలో ఉన్న కాగితం గీసి ఫొటో పంపాలి. తొమ్మిది రోజుల్లో ఏడు ఫొటోలు వచ్చాయి, ఒకదాని మీద మామిడి సొన మరక. వెళ్లే ముందు పూర్తి మోడల్ పేపర్‌లో 19, వచ్చాక ఇంకో పేపర్‌లో 21. రెండు పేపర్లూ సమానంగా కష్టమైనవని గ్యారంటీ ఇవ్వలేను. పడిపోలేదన్నది మాత్రం నిజం.

మిగిలిన రోజుల్లో అన్నీ చెప్పడం కుదరదు, దేన్నో వదలాలి. జీవుల్ని రాజ్యాలు (కింగ్‌డమ్స్) అనే పెద్ద గుంపులుగా విడదీసే వర్గీకరణ వదిలేశాను. విటేకర్ 1969లో చేసిన అయిదు రాజ్యాల పట్టిక ఒకసారి చూపించి, లక్షణాలు పైపైన చెప్పి ముందుకు పోయాను. అందులో ఒకదాన్నుంచి ఒకటి వచ్చే దారి తక్కువ, జ్ఞాపకం పెట్టుకోవాల్సింది ఎక్కువ. 19 మార్కులకు అది లేకపోయినా చాలనిపించింది.

సప్లీలో 23 వచ్చాయి. మొత్తం 29. ఆ అయిదు రాజ్యాల్లో ఒకటైన మోనెరా మీద వచ్చిన ప్రశ్న ఖాళీగా వదిలేశాడు.

ఇందులో నేను నేర్చుకున్నది

ఒక్క కేసు నుంచి పెద్ద మాటలు అనలేను. వరస మార్చడం పనిచేసిందా, కాగితాలు పనిచేశాయా, తోట పనిచేసిందా అన్నది విడదీయలేను. అన్నీ ఒకేసారి మార్చాను. కొన్ని అలవాట్లు మాత్రం మార్చుకున్నాను. మర్నాటి టెస్టు మార్కులు చూసి ఎవరి ఇంటికీ ఫోన్ చేయడం లేదు. కనీసం పది రోజులు ఆగాకే చెబుతున్నాను. మొదటి రోజు పుస్తకం తెరవకుండా, ఇంట్లో ఏం పని జరుగుతుందో అడుగుతున్నాను. గత వేసవిలో వచ్చిన అమ్మాయి వాళ్లది ఇడ్లీ, దోసెల అంగడి. పిండి పులవడం దగ్గర మొదలుపెట్టి శ్వాసక్రియ చెప్పాం. ఈసారి రూమెన్ లాంటి తప్పు జరగకుండా, పిండిలో బ్యాక్టీరియా చేసే పనికీ మన కండరం చేసే పనికీ ఎక్కడ పోలిక, ఎక్కడ తేడా అన్నది ముందే రాయించాను.

సప్లీ అయిన ఏడాదిన్నరకు ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. నాలుగో సెమిస్టర్‌లో ఫార్మకాగ్నసీ, అంటే మొక్కల్లాంటి వాటి నుంచి వచ్చే మందుల శాస్త్రం, మొదలైందట. మొక్కల హార్మోన్ల పాఠంలో లెక్చరర్ జిబ్బరెల్లిన్ గురించి అడిగితే లేచి కల్టార్ కథంతా చెప్పాడట. క్లాసంతా నవ్విందనీ, సార్ మాత్రం ఇంకోసారి చెప్పించుకున్నాడనీ చెప్పాడు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మేడమ్, ఔషధ మొక్కల్ని వర్గీకరణ ప్రకారం చదవాలంట. మనం వదిలేసినాం కదా, అది" అన్నాడు.

ఆ ఆదివారం రమ్మన్నాను. తెల్లకాగితాలు తెచ్చుకోమన్నాను.